సిస్టమ్ మార్చే ముందు షీటు తెరిచి చూడండి

పాత కంప్యూటర్లో కొత్త ఎక్సెల్ వేసిన వారం లోపే వినిపించే మాట ఒకటుంది: "ఇది ఇక లాగదండీ, సిస్టమ్ మార్చాల్సిందే." ట్యాక్స్ కన్సల్టెంట్ల గదుల్లో, రైస్ మిల్లుల్లో, స్కూలు ఆఫీసుల్లో, ఎరువుల దుకాణాల్లో ఈనాటికీ నడుస్తున్న సిస్టమ్‌లలో చాలా వాటిది ఇంచుమించు ఒకే ఒడ్డూ పొడుగూ. రెండో తరం కోర్ ఐ3, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఎక్సెల్ 2007లోనో 2010లోనో ఏళ్ల తరబడి పని చేసిపెట్టిన డబ్బా, ఎక్సెల్ 2021 వేయగానే ప్రతి క్లిక్కుకీ తెర తెల్లబడి "నాట్ రెస్పాండింగ్" అంటుంది. సాఫ్ట్‌వేర్ కొత్తది, నెమ్మదించింది దాని తర్వాతే, కాబట్టి తప్పు పాత యంత్రానిదే అని తేల్చేస్తారు.

ఆ తీర్పు చాలాసార్లు తప్పని నా వాదన. ఆడలేక మద్దెల ఓడు అన్నారు కదా, ఇక్కడ మద్దెల నిజంగా కొంత పాతదే. కానీ తాళం తప్పుతున్నది వేరేచోట. డిస్కు, మెమరీ, షీటు ఈ మూడింటిలో ఏది అడ్డం పడుతోందో చూడకుండా కొత్త సిస్టమ్ కొంటే, ఆ షీటే రెండేళ్లలో కొత్తదాన్నీ మోకాళ్ల మీద కూర్చోబెడుతుంది.

ఇది కొత్త గొడవేం కాదు. 1989లో, అప్పటి పేరున్న స్ప్రెడ్‌షీట్ లోటస్ 1-2-3 రిలీజ్ 3 వచ్చినప్పుడు దానికి 286 ప్రాసెసర్, 1 ఎంబీ మెమరీ కావాల్సొచ్చింది. అప్పటికి ఆఫీసుల్లో ఉన్న, అంతకంటే పాత 8088 ప్రాసెసర్ యంత్రాల మీద అది నడవదు. అందుకే ఆ ఏడాదే పాత యంత్రాల వాళ్ల కోసం రిలీజ్ 2.2ను విడిగా అమ్మారు. ఏ యంత్రానికి ఏ వెర్షన్ అన్న ప్రశ్నకు తయారుచేసిన కంపెనీయే రెండు జవాబులిచ్చింది. ఇప్పుడు అలా విడిగా ఇచ్చేవాళ్లు లేరు, ఆ ఎంపిక మనమే చేసుకోవాలి.

ముందు రోగం ఎక్కడుందో చూద్దాం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. సతాయిస్తున్న ఫైలు తెరిచి, రోజూ చేసే పనే చేస్తూ మూడు గళ్లు గమనించండి. డిస్క్ గడి 100 శాతం దగ్గర అతుక్కుపోయి సీపీయూ ఖాళీగా ఉంటే హార్డ్ డిస్క్ అడ్డం. మెమరీ 90 దాటి, ఫైలు మూయగానే దిగిపోతే ర్యామ్ చాలడం లేదు. ఆ రెండూ మామూలుగా ఉండి సీపీయూ నిండిపోతే షీటులోని ఫార్ములాలు. ఐ3లో నాలుగు థ్రెడ్లు (పక్కపక్కనే సాగే పని వరసలు) ఉంటాయి గనుక, సీపీయూ సరిగ్గా 25 శాతం దగ్గర ఆగిపోయి కదలడం లేదంటే ఒకే థ్రెడ్డు మీద పని సాగుతోందని అర్థం. మాక్రోలు, అంటే ఎక్సెల్‌లో రాసిపెట్టుకున్న చిన్న ప్రోగ్రాములు, ఎప్పుడూ అలాగే నడుస్తాయి, వాటికి నాలుగు కోర్లున్నా నలభై కోర్లున్నా ఒకటే.

డిస్కు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇందులో వాదించేదేమీ లేదు. 7200 ఆర్‌పీఎం హార్డ్ డిస్కు చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కల్ని సెకనుకు దాదాపు వంద మాత్రమే చదవగలదు. తిరిగే పళ్లెం లేని మామూలు ఎస్‌ఎస్‌డీ డిస్కు వేలల్లో చదువుతుంది. హెచ్61 బోర్డులో డిస్కు తగిలించే సాటా పోర్టులు 3 గిగాబిట్లవే కదా, ఎస్‌ఎస్‌డీ వేసి లాభమేంటి అని కొందరు అడుగుతారు. పెద్ద ఫైళ్లు కాపీ చేసేటప్పుడు గరిష్ఠ వేగం సగం అవుతుంది, అంతే. విండోస్ లేవడానికీ, ఎక్సెల్ తెరుచుకోవడానికీ కావాల్సింది ఆ చిన్న ముక్కల వేగం, అది పూర్తిగా దక్కుతుంది.

ఎస్‌ఎస్‌డీ వేసేటప్పుడు జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. పాత బోర్డుల్లో బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో, సాటా మోడ్ చాలాసార్లు పాత పద్ధతి ఐడీఈలో ఉంటుంది. దాన్ని నేరుగా కొత్త పద్ధతి ఏహెచ్‌సీఐకి మార్చి రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి విండోస్ లేవదు, ఎస్‌ఎస్‌డీ చెడిపోయిందనుకుని తిరిగి ఇచ్చేస్తారు. వరస ఇది: రన్‌లో ఎంఎస్‌కాన్ఫిగ్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్ టిక్ పెట్టండి. రీస్టార్ట్ అవుతుండగా బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ ఎంచుకోండి. సేఫ్ మోడ్‌లో లేస్తుంది, అప్పుడు విండోస్ సరైన డ్రైవర్ తనే ఎక్కించుకుంటుంది. మళ్లీ ఎంఎస్‌కాన్ఫిగ్‌లో ఆ టిక్ తీసేసి మామూలుగా రీస్టార్ట్ చేయండి.

ర్యామ్ దగ్గర బోర్డు పేరు చూడకుండా కొనొద్దు. హెచ్61కి రెండు స్లాట్లలో 8 జీబీ చొప్పున 16 వరకు పడుతుంది. ఎక్సెల్ పనికి మొత్తం 8 చాలు. 1600 వేగం స్టిక్ వేసినా రెండో తరం ఐ3-2100 దాన్ని 1333 దగ్గరే నడుపుతుంది, కంగారు పడక్కర్లేదు. అంతకంటే పాత జీ41 బోర్డుకి డీడీఆర్3 4 జీబీ స్టిక్ కొంటే మాత్రం, దాని మీద చిప్పులు లెక్కపెట్టండి. రెండు వైపులా కలిపి 16 చిప్పులున్నదే దానికి పడుతుంది. 8 చిప్పుల స్టిక్‌లో ఒక్కో చిప్పు సామర్థ్యం ఆ చిప్‌సెట్ గుర్తించగలిగిన దాన్ని మించి ఉంటుంది, పెడితే బీప్‌లే వస్తాయి. జీ31 అయితే 4 జీబీకి మించి పోదు. దాని మీద డబ్బు పెట్టకండి.

ర్యామ్ పెంచినా విండోస్ 32-బిట్‌దైతే 4 జీబీలో మూడు, మూడున్నర మాత్రమే వాడుకుంటుంది. అందుకని విండోస్ 64-బిట్ ఉండాలి. ఎక్సెల్ మాత్రం పాత సిస్టమ్ మీద 32-బిట్‌దే వేయమంటాను. ఆఫీస్ 2019 నుంచి ఏమీ ఎంచుకోకపోతే 64-బిట్ దానంతటదే ఎక్కుతుంది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు గమనించాలి. 64-బిట్‌లో లోపలి చిరునామాలన్నీ రెట్టింపు చోటు తీసుకుంటాయి, 4 జీబీ యంత్రం మీద అది తేలిగ్గా తెలిసిపోతుంది. ఎక్సెల్ 2016 నుంచి 32-బిట్ వెర్షన్ కూడా 64-బిట్ విండోస్ మీద 4 జీబీ చిరునామాల దాకా వాడగలదు, అంతకు ముందు 2 జీబీయే. జిల్లా స్థాయి వ్యాపారం లెక్కలకి అది చాలా ఎక్కువ. ఇంకో కారణం కూడా ఉంది: పాత మాక్రోల్లో విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ వాక్యాలకు పీటీఆర్‌సేఫ్ అన్న మాట లేకపోతే 64-బిట్ ఎక్సెల్‌లో అవి మొదటి లైనులోనే ఆగిపోతాయి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఓడీబీసీ అనే వారధి డ్రైవర్ ద్వారా డేటా లాగేవాళ్లకు డ్రైవరూ ఎక్సెలూ ఒకే బిట్‌వి కావాలి.

ఇక షీటు. డబ్బు ఖర్చు లేకుండా అన్నిటికంటే ఎక్కువ లాభం ఇక్కడే, అయినా అందరూ ఆఖరున చూసేది దీన్నే.

ఎక్సెల్ 2003లో ఒక షీటుకి 65,536 వరసలు, 256 నిలువు గళ్లు (కాలమ్‌లు). 2007 నుంచి 10,48,576 వరసలు, 16,384 నిలువు గళ్లు. ఈ పెరుగుదలే చాలామంది సిస్టమ్‌లను నెమ్మదింపజేసింది. గళ్లను గుణించి కూడే సమ్‌ప్రొడక్ట్ ఫార్ములాలో 2003 రోజుల్లో మొత్తం నిలువు గడిని ఇవ్వనిచ్చేది కాదు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది రాయక తప్పేది కాదు. 2007 నుంచి ఏ:ఏ అని రాయనిస్తోంది. చేతికి సుఖంగా ఉంది కాబట్టి అందరూ అలాగే రాస్తారు. మూడు నిలువు గళ్లతో ఒక సమ్‌ప్రొడక్ట్ అంటే 31 లక్షల పైచిలుకు గళ్లు. అలాంటివి 200 ఉంటే ఒక్క రీకాలిక్యులేషన్‌కి 62 కోట్ల గళ్లు తిరగాలి, మీ డేటా నాలుగు వేల వరసలే అయినా సరే. ఆ ఏ:ఏ తీసేసి 5000 వరస దాకా అని రాయండి, లేదా డేటాను కంట్రోల్ టీతో టేబుల్‌గా మార్చి టేబుల్ పేరు వాడండి. అంతకంటే మంచిది, షరతులకు సరిపోయిన గళ్లనే కూడే సమ్‌ఇఫ్స్‌కి మారడం. అది నిండిన వరసల దగ్గరే ఆగుతుంది గనుక దానికి మొత్తం నిలువు గడి ఇచ్చినా భారం కాదు.

తర్వాత కంట్రోల్ ఎండ్ నొక్కండి. డేటా 4,312వ వరసలో అయిపోతే కర్సరు అక్కడే ఆగాలి. 10,48,576కి దూకిందా? ఎవరో ఎప్పుడో కంట్రోల్ షిఫ్ట్ డౌన్ కొట్టి అడుగుదాకా బోర్డరు గీశారన్నమాట. ఖాళీగా కనిపించే ఆ పది లక్షల వరసల్నీ ఎక్సెల్ ఫైలులో రాసుకుంటుంది, తెరిచిన ప్రతిసారీ చదువుకుంటుంది. డేటా తర్వాతి వరస నుంచి అడుగుదాకా ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి డిలీట్ కొట్టాలి. కీబోర్డు మీది డిలీట్ మీట గడిలోని అక్షరాల్ని మాత్రమే తుడుస్తుంది, బోర్డర్లు అలాగే ఉంటాయి. తర్వాత సేవ్ చేసి, మూసి, తెరిస్తేనే కంట్రోల్ ఎండ్ సరైన చోటికి వస్తుంది.

ఏ షీటు బరువో తేలకపోతే ఒక పద్ధతి ఉంది. ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైలంటే నిజానికి జిప్ చేసిన ఎక్స్‌ఎంఎల్ పాఠం. ఫైలుకు ఒక కాపీ తీసి, చివరి పేరును జిప్ అని మార్చి తెరవండి. ఎక్స్‌ఎల్ అన్న ఫోల్డరులో వర్క్‌షీట్స్ ఫోల్డరు ఉంటుంది. అందులో ఒక్కో షీటుకి ఒక్కో ఫైలు, పక్కన జిప్ విప్పాక అయ్యే సైజు. బయట 6 ఎంబీ కనిపించే ఫైలులో ఒక్క షీటే 90 ఎంబీ ఉండటం వింతేమీ కాదు. పాత సిస్టమ్ మోస్తున్నది ఆ 90నే, ఆరుని కాదు. రోజూ తెరిచే పెద్ద ఫైలును బైనరీ వర్క్‌బుక్‌గా సేవ్ చేసుకుంటే ఆ ఎక్స్‌ఎంఎల్ పాఠం చదివే పని తప్పి త్వరగా తెరుచుకుంటుంది. అయితే దాన్ని బయటివాళ్లకు పంపేటప్పుడు మామూలు రూపంలోకి మార్చి పంపండి.

టుడే, నౌ, ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్, ర్యాండ్ ఎక్కడున్నా, వాటికి సంబంధం లేని గడిలో ఒక అంకె మార్చినా మళ్లీ లెక్క కడతాయి, వాటి మీద ఆధారపడినవన్నీ వాటితోపాటు లేస్తాయి. బాకీల జాబితాలో ఎన్ని రోజులైందో చూడటానికి ప్రతి వరసలోనూ టుడే పెడతారు. ఒకే గడిలో టుడే రాసి, మిగతా వరసల్లో ఆ గడినే చూపిస్తే వేల సార్లకు బదులు ఒక్కసారి. నెల లెక్క ముగించేవాళ్లయితే ఆ గడిలో తేదీ చేత్తో వేసుకోవడం ఇంకా మంచిది. పాత సిస్టమ్‌లో బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏ 2011కో వెళ్లిపోతుంటే టుడే కూడా దాన్నే నమ్ముతుంది, బాకీ రోజులు మైనస్‌లో చూపిస్తుంది. బ్యాంకు, జీఎస్టీ వెబ్‌సైట్లు సర్టిఫికెట్ తప్పంటూ తెరుచుకోకపోవడానికి కూడా చాలాసార్లు ఆ బ్యాటరీయే కారణం.

అందరి ప్రాణం తీసే పని జీఎస్టీఆర్-2బీని (అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో జీఎస్టీ పోర్టల్ ఇచ్చే జాబితాని) మన కొనుగోళ్ల రిజిస్టరుతో పోల్చడం. దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. ఒకవైపు 20 వేల బిల్లులు, మరోవైపు 20 వేలు. జీఎస్టీఐఎన్ (వ్యాపారి జీఎస్టీ నంబరు), బిల్లు నంబరు కలిపి ఒక కీ గడి తయారుచేసి, దాన్ని రెండో పట్టికలో వెతికే వీలుకప్ ఫార్ములాని ఎగ్జాక్ట్ మ్యాచ్‌తో కిందికి లాగుతారు. ఎగ్జాక్ట్ మ్యాచ్ పై నుంచి ఒక్కొక్కటీ చూసుకుంటూ దిగుతుంది. సగటున పది వేల పోలికలు, ఇరవై వేల వరసలకు 20 కోట్లు. దొరకని బిల్లుకైతే అడుగుదాకా వెళ్లి రావాలి, అంటే ఎన్ని తేడాలుంటే అంత ఆలస్యం. పైగా తేదీ, ట్యాక్సబుల్ విలువ, సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ అంటూ నాలుగు గళ్లకు నాలుగు వీలుకప్‌లు పెడితే 80 కోట్లు.

మొదటి మార్పు: ఒక గడిలో మ్యాచ్‌తో వరస సంఖ్య ఒక్కసారి కనుక్కోండి. మిగతా నాలుగూ ఇండెక్స్‌తో ఆ వరస నుంచి తెచ్చుకోండి. పని నాలుగో వంతుకి దిగింది. రెండో మార్పు: వెతికే పట్టికను కీ గడి మీద సార్ట్ చేసి, మ్యాచ్ చివర సున్నా బదులు 1 ఇవ్వండి. అప్పుడు ఎక్సెల్ నిఘంటువులో మాట వెతికినట్టు సగానికి సగం కోసుకుంటూ పోతుంది, 20 వేల వరసల్లో 15 పోలికలు చాలు. ఇందులో చిక్కు ఏంటంటే, లేని బిల్లుకి దాని ముందున్న బిల్లు వరస చూపించేస్తుంది. కాబట్టి వచ్చిన వరసలోని కీ, మనం వెతికిన కీ ఒకటేనా అని ఇఫ్‌తో సరిచూడాలి, కాకపోతే "లేదు" అని రాయించాలి. ఈ తనిఖీ మరిచిపోతే తప్పు ట్యాక్స్ క్రెడిట్ తీసుకున్నట్టే. నెమ్మదిగా వచ్చే సరైన జవాబు కంటే వేగంగా వచ్చే తప్పు జవాబు చాలా ప్రమాదం.

ఇంకా ముందు కీ శుభ్రంగా ఉండాలి. మన బిల్లుల్లో 37తోనో 36తోనో మొదలయ్యే 15 అక్షరాల జీఎస్టీఐఎన్ చివర కనపడని స్పేసు, 0045 అన్న బిల్లు నంబరు సీఎస్‌వీగా తెరవగానే 45 అయిపోవడం, ఇవి ఎంత వేగమైన సిస్టమ్ కొన్నా పోవు. పార్టీ పేర్లు తెలుగులో ఉన్న షీట్లలో ఇంకో మాయ ఉంది. పొల్లు తర్వాత అక్షరాలు కలిసిపోకుండా ఆపే కనపడని నాన్-జాయినర్ అక్షరం ఒకచోట ఉండి మరోచోట లేకపోతే, కంటికి ఇంచుమించు ఒకేలా కనిపించే రెండు పేర్లు ఎక్సెల్‌కి వేరు. ట్రిమ్‌తో అది పోదు. సబ్‌స్టిట్యూట్‌లో యూనిచార్ 8204 ఇచ్చి తీసేయాలి. యూనిచార్ 2013 నుంచే ఉంది.

కొత్త వెర్షన్ వల్ల నిజమైన లాభాలూ ఉన్నాయి, అవి దాచకూడదు. 2018లో వచ్చిన 1809 వెర్షన్ నుంచి మైక్రోసాఫ్ట్ 365లో, ఒకే పట్టికలో పదే పదే వెతికే ఎగ్జాక్ట్ మ్యాచ్‌ని బాగా వేగవంతం చేశారు. డేటాను తెచ్చి కలిపే పవర్ క్వెరీ 2016 నుంచి ఎక్సెల్‌లోనే ఉంది. రెండు పట్టికల్ని మర్జ్ చేస్తే ఫలితం ఫార్ములాలు లేని ఉత్త విలువలుగా దిగుతుంది, రీఫ్రెష్ కొట్టినప్పుడే పని చేస్తుంది. పాత సిస్టమ్‌కి ఇంతకంటే ఉపకారం లేదు. కాబట్టి పాత వెర్షన్‌నే పట్టుకు వేలాడమని నేను చెప్పడం లేదు.

కాలిక్యులేషన్‌ని మాన్యువల్‌లో పెట్టుకోమని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఫార్ములాస్ మెనూలో ఆ ఆప్షన్ ఉంది, ఎఫ్9 కొడితే లెక్క కడుతుంది. డేటా ఎంట్రీ చేసేటప్పుడు బాగానే ఉంటుంది, కానీ నేను భయపడే సెట్టింగు ఇదే. ఈ మోడ్ ఫైలుకి కాదు, నడుస్తున్న ఎక్సెల్ మొత్తానికి వర్తిస్తుంది. పొద్దున్నే మొదట తెరిచిన ఫైలు మాన్యువల్‌లో సేవ్ అయి ఉంటే, తర్వాత తెరిచిన ఫైళ్లన్నీ మాట్లాడకుండా మాన్యువల్‌లోకి పోతాయి. అంకె మార్చినా టోటల్ మారదు, ఆ పాత టోటలే రిటర్న్‌లోకి ఎక్కుతుంది. వాడక తప్పనివాళ్లు కింద స్టేటస్ బార్‌లో "కాలిక్యులేట్" అన్న మాట ఉందేమో చూడకుండా ప్రింటు తీయొద్దు.

కొత్తది వేశాక వచ్చే చిన్న చిరాకులు కొన్ని ఉన్నాయి. స్క్రోల్ చేస్తే తెల్ల మచ్చలు, కర్సరు వణుకు కనిపిస్తే గ్రాఫిక్స్ డ్రైవర్ సంగతి. రెండో తరం ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు ఇంటెల్ విండోస్ 10 డ్రైవర్ విడిగా ఇవ్వలేదు. ఎక్సెల్ 2016, 2019ల్లో ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్, డిస్‌ప్లే కింద హార్డ్‌వేర్ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్‌ని ఆపే టిక్ ఉంటుంది, పెట్టేయండి. పేజీ కొలతల కోసం ఎక్సెల్ డిఫాల్ట్ ప్రింటర్‌ని అడుగుతుంది. అది పక్క గదిలో ఆపేసిన నెట్‌వర్క్ ప్రింటరైతే జవాబు వచ్చేదాకా ఫైలు తెరుచుకోదు. డిఫాల్ట్‌గా ప్రింట్ టు పీడీఎఫ్ పెట్టుకోండి. ఇంటర్నెట్ నుంచి దించిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి ఆఫీస్ అడ్డుకుంటోంది. నమ్మకమైన చోటు నుంచి తెచ్చినదైతే ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టాలి. గౌతమి, వాణి ఫాంట్లు విండోస్ 10లో వాటంతటవి రావు, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. లేకపోతే ఆ ఫాంట్లతో చేసిన షీటులో వరసల ఎత్తు మారి, ఒక పేజీలో రావాల్సిన బిల్లు రెండు పేజీలవుతుంది. పెన్‌డ్రైవ్ మీదున్న ఫైలును అక్కడే తెరిచి పని చేయకండి. సేవ్ కొట్టగానే ఎక్సెల్ అదే ఫోల్డరులో కొత్త తాత్కాలిక ఫైలు రాసి, తర్వాత పాతదాన్ని తీసేస్తుంది. ఆ మధ్యలో పెన్‌డ్రైవ్ లాగితే రెండూ పోవచ్చు.

ఇక ఏ వెర్షన్ అన్నది. ఆఫీస్ 2016, 2019, విండోస్ 10 మూడింటికీ సపోర్ట్ 2025 అక్టోబరు 14న ముగిసింది. ఆఫీస్ 2021కి 2026 అక్టోబరు 13 వరకు, ఆఫీస్ 2024కి 2029 అక్టోబరు 9 వరకు. ఆఫీస్ 2024 విండోస్ 10 మీద కూడా నడుస్తుంది. అడ్డంకి విండోసే. విండోస్ 11 అధికారికంగా ఎనిమిదో తరం ఇంటెల్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలంటుంది. ఐ3-2100 మీద దొడ్డిదారిన వేసేవాళ్లున్నారు గానీ, క్లయింట్ల పాస్‌వర్డ్‌లున్న సిస్టమ్ మీద అలా చేయొద్దంటాను. విండోస్ 10 ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్లకు మామూలు వినియోగదారులకిచ్చిన గడువు 2026 అక్టోబరు 13. ఆ తర్వాత ఆ యంత్రం మీద విండోస్ బదులు లైనక్స్ మింట్, ఎక్సెల్ బదులు లిబ్రెఆఫీస్ కాల్క్ వేయడం సబబు. కాల్క్ 7.4 నుంచి 16,384 నిలువు గళ్లు, 24.8 నుంచి ఎక్స్‌లుకప్, ఫిల్టర్, యునీక్ ఉన్నాయి. ఎక్సెల్ 2019లో ఎక్స్‌లుకప్ లేదు. అందులో అలాంటి ఫైలు తెరిచి లెక్క కట్టిస్తే నేమ్ ఎర్రర్ వస్తుంది, కాల్క్‌లో నడుస్తుంది. మాక్రోల మీద ఆధారపడిన యుటిలిటీలు ఉన్నవాళ్లకు మాత్రం కాల్క్ దారి కాదు, వాటికి ఎక్సెలే కావాలి.

కోర్ 2 డుయో యంత్రాల దగ్గర నేను కూడా చేతులెత్తేస్తాను. వాటి ప్రాసెసర్‌లో ఎస్‌ఎస్‌ఈ 4.2 అనే ఆదేశాల గుంపు లేదు గనుక విండోస్ 11 24హెచ్2 దొడ్డిదారిన కూడా లేవదు. బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉన్నా, హార్డ్ డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొరాయిస్తున్న ముక్కల) అంకె సున్నా దాటినా ఫార్ములాలు సరిదిద్దుకుంటూ కూర్చోకండి. ఆ సాయంత్రమే వేరే డిస్కులోకి కాపీ తీసి, తీసిన ఫైళ్లు ఇంకో సిస్టమ్‌లో తెరుచుకుంటున్నాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూడండి.